జూలై ఎండలో చింక్వే తెర్రే: నడవాలా, రైలెక్కాలా?

మ్యూనిక్ కోడలు: జూలై చివర్లో అత్తయ్యా మామయ్యా వస్తున్నారు. ఇటలీ లిగూరియా తీరంలో చింక్వే తెర్రే అనే ఐదు ఊళ్ళూ (మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే) ఒక్కరోజులో నడిచేద్దామని మా ఆయన పట్టు. "12 కిలోమీటర్లేగా, అలిపిరి మెట్లెక్కిన కాళ్ళివి" అంటారు. నాకు ఎండంటేనే భయం. ఏం చెయ్యమంటారు?

కొండదారి: అలిపిరి దారిలో చాలావరకు పైన కప్పుంటుందండీ, ఇక్కడ సగం దారి నెత్తిమీద ఆకు కూడా ఉండదు. పైగా ఆ 12 పాత లెక్క. మనరోలా, కోర్నీల్యా మధ్య తీరం దారి కొండచరియల వల్ల ఏళ్ళ తరబడి మూసే ఉంది. వోలాస్త్రా అనే కొండమీది ఊరి మీదుగా 300 మీటర్ల పైకెక్కి దిగాలి. అందుకని మానేయమనను. మోంతెరోస్సో నుంచి వెర్నాత్సా దాకా, పొద్దున ఏడులోపు బయల్దేరి ఆ ఒక్క ముక్కా నడవండి.

రైలే నయం: ఆ ఒక్క ముక్కా ఎందుకు? ఊరికీ ఊరికీ రైల్లో నాలుగైదు నిమిషాలు. పెద్దవాళ్ళని ఎండలో కొండెక్కించి ఫొటోలు తీసుకోవడం సరదానా? కోర్నీల్యాలో స్టేషన్ నుంచి ఊళ్ళోకే 382 మెట్లు, చాలదూ!

కొండదారి: ఆ మెట్లు వద్దంటే చిన్న బస్సుంది. మీ రైలు మాత్రం దాదాపు అంతా సొరంగాల్లోనే పోతుంది, సముద్రం రెప్పపాటు కనబడి మాయం. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది రంగురంగుల ఇళ్ళను చూసి మాత్రమే కాదు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, కొండని మెట్లుమెట్లుగా చెక్కి ద్రాక్ష వేశారే, ఆ పొలాలను చూసి కూడా. కోసిన ద్రాక్షని ఇప్పటికీ ఒకే ఒక్క రైలు పట్టా మీద నడిచే బుల్లి బండిలో దింపుతారు. ఇవన్నీ రైలు కిటికీలోంచి కనబడవు.

ఉప్పుగాలి: అందరూ ఇదే మాట అనుకుని జూలైలోనే దిగుతున్నారు, గొడవంతా అక్కడే. వెర్నాత్సా దారిలో కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన పట్టరు. పదింటికి ఎదురుగా ఓ గుంపొస్తే గోడకి వీపానించి నిలబడాలి, ఆ రాయి అప్పటికే కాలుతుంటుంది. ఆ గోడలకి ఆనుకునే వాళ్ళు, ఎక్కి కూర్చునేవాళ్ళు ఎంతమందో! రియోమజ్జోరే, మనరోలా మధ్య తీరం దారి వియా దెల్లామోరేలో 2012లో రాళ్ళు పడి నలుగురు గాయపడ్డారు. కిలోమీటరు లేని ఆ దారి మళ్ళీ తెరుచుకునేసరికి 2024. నన్నడిగితే అక్కడి ఎండాకాలంలో రైలూ పడవా చాలు, నడక ఏప్రిల్‌కో అక్టోబరుకో వాయిదా వెయ్యండి.

కొండదారి: నడకదారి టికెట్ డబ్బుతోనే కదా ఆ దారుల్ని బాగుచేసేది! నడిచేవాళ్ళు ఊళ్ళమధ్య చెదిరిపోతారు. ప్లాట్‌ఫారం మీద కిక్కిరిసేది మీ రైలువాళ్ళే. అక్టోబరు అంటారా, 2011లో వెర్నాత్సాని బురదలో ముంచింది అక్టోబరు 25 వానే.

ఉప్పుగాలి: వానొస్తే దారులు మూసేస్తారు. ఎండకి ఎవరూ మూయరు, అదీ తేడా.

మ్యూనిక్ కోడలు: సరే, ఆ ఒక్క ముక్కే నడుస్తాం. మామయ్యని రైల్లో వెర్నాత్సా పంపిస్తాను. అత్తయ్య మాత్రం "నేనూ నడుస్తా" అని కూర్చున్నారు, అదీ చెప్పులతో!

రైలే నయం: వేళ్ళు కనబడే చెప్పులతో ఆ దారిలో అడుగుపెడితే జరిమానా వేస్తారమ్మా. ముందు బూట్లు కొనిపెట్టు, నడక సంగతి తర్వాత.