సిస్టినూరియా ఉన్న బాబుకి గుడ్డు, చేప, పప్పు ఎంతవరకు పెట్టొచ్చు?

టెక్కలి అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి ఏడేళ్లు. కిడ్నీలో రాయి తీశారు, ల్యాబ్‌కి పంపితే సిస్టిన్ రాయి అని వచ్చింది. మా అత్తగారు గుడ్డు, చేప, పాలు, పప్పు అన్నీ ఆపేయమంటున్నారు. వాడు అసలే సన్నం. బడిలో పెట్టే గుడ్డు కూడా వద్దని టీచర్‌కి చెప్పాలా? పైగా మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి దగ్గర. కిడ్నీ అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

బొబ్బిలి నాన్న:
అమ్మా, ఉద్దానం జబ్బుకీ దీనికీ సంబంధం లేదు. ఇది సిస్టినూరియా, పుట్టుకతో వచ్చేది. సిస్టిన్ అంటే ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం. మామూలుగా కిడ్నీ దాన్ని వడగట్టి మళ్లీ ఒంట్లోకి తీసుకుంటుంది. వీళ్లకి ఆ పని సరిగ్గా జరగదు. మూత్రంలో మిగిలిపోయిన సిస్టిన్ కరగక రాయి కడుతుంది. మాది మేనరికం, మా పాపకి వచ్చింది. తోబుట్టువులకీ నాలుగో వంతు అవకాశం ఉంటుందని మా బాబుకి కూడా టెస్ట్ చేయించారు. మీకు ఇంకా పిల్లలుంటే చూపించండి.

ప్రోటీన్ మాత్రం ఆపకండి, ఎదిగే వయసు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో 7-9 ఏళ్ల పిల్లలకి రోజుకు 23 గ్రాములు కావాలి. గుడ్డులో 6 గ్రాముల దాకా, గ్లాసు పాలలో దాదాపు అంతే ఉంటుంది. మిగతాది అన్నం, పప్పుతో వచ్చేస్తుంది. ఒంట్లో సిస్టిన్ తయారయ్యేది మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి. అది మాంసం, చేప, గుడ్డులో ఎక్కువ, పప్పుల్లో తక్కువ. అందుకే మేము బడిలో గుడ్డు తిన్న రోజు రాత్రికి చేప వండం. ఆదివారం కోడికూర రెండు ముక్కలు వేస్తాం, ఇంకా కావాలంటే పప్పు. ఎత్తు, బరువు ప్రతి చెకప్‌లో రాయించుకోండి.

పలాస అక్క:
తమ్ముడు చెప్పింది నిజం. కానీ అందరం ప్రోటీన్ దగ్గరే ఆగిపోతున్నాం. ఉప్పు పెరిగితే మూత్రంలో సిస్టిన్ కూడా పెరుగుతుంది. నన్నడిగితే మన ఇళ్లలో అసలు సమస్య అదే. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు, మా ఊళ్లో అయితే ఉప్పు జీడిపప్పు. ఎండుచేప నానబెట్టి కడిగినా ఉప్పంతా పోదు, మా గుంటడికి పూర్తిగా మానిపించాం.

పప్పు ఉడికి మెదిపాక, ఉప్పు వేయకముందే వాడికి ఒక గిన్నె తీసేస్తాను. అందులో నిమ్మరసం, వెల్లుల్లి పోపు, చిటికెడు ఉప్పు. మొదట్లో ముఖం తిప్పేసేవాడు, ఇప్పుడు ఆ గిన్నే అడుగుతాడు. చోడి (రాగి) అంబలి కూడా ఉప్పు లేకుండా, పక్కన ఉల్లిపాయ ముక్క. ఇంకో మాట, ఎండ కదా అని రోజూ ఓఆర్ఎస్ పట్టకండి, దాంట్లో ఉప్పుంటుంది. విరేచనాలైతే వేరే సంగతి.

విజయనగరం డైటీషియన్:
మంచి చర్చ. అన్నిటికన్నా ముందు నీళ్లు. లీటరు మూత్రంలో సిస్టిన్ సుమారు 250 మిల్లీగ్రాములే కరుగుతుంది, కాబట్టి మూత్రం పలచగా ఉండాలి. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకి రోజుకు కనీసం లీటరున్నర, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. పగలంతా పంచి తాగించాలి. బాటిల్ దగ్గర పెట్టుకోనివ్వాలని, అడిగినప్పుడల్లా బాత్రూంకి పంపాలని డాక్టరు చేత ఒక కాగితం రాయించి టీచర్‌కి ఇవ్వండి. గుడ్డు మాన్పించడం కన్నా ఇది ముఖ్యం.

మూత్రంలో పులుపు (ఆమ్లం) తగ్గించే పొటాషియం సిట్రేట్ సిరప్ రాసి ఉంటే నీళ్లలో కలిపి, భోజనం తర్వాత ఇవ్వండి. దాని బదులు వంటసోడా వాడకండి, అందులోనూ ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది. సాధారణంగా మూత్రం పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె పెరిగితే ఆమ్లం తగ్గినట్టు) 7 దాటి 7.5 దగ్గర ఉండేలా చూస్తారు. ఎనిమిదికి పోతే కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు రావచ్చు, కాబట్టి డోసు మీ అంతట మీరు పెంచకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది, సిరప్ వాడుతుంటే ఎంత ఇవ్వొచ్చో డాక్టర్ని అడగండి.

టెక్కలి అమ్మ:
చాలా థాంక్స్. అత్తగారికి అంతా చదివి వినిపించాను. గుడ్డుకి ఒప్పుకున్నారు, ఆవకాయ దగ్గరే బేరం నడుస్తోంది. మరి రాత్రి నీళ్లు? పక్క తడిపేస్తాడేమో!

పలాస అక్క:
రాత్రే మూత్రం చిక్కబడేది చెల్లీ, మానకూడదు. పడుకునే ముందు ఒక గ్లాసు, మధ్యలో ఒకసారి లేపి బాత్రూంకి తీసుకెళ్లి, అక్కడే ఇంకో అరగ్లాసు. పరుపు మీద రబ్బరు షీటు వేయండి. తడిపినా ఏమీ అనకండి, తిడితే నీళ్లు తాగడమే మానేస్తారు పిల్లలు.