ఇంట్లో వెల్డింగ్ నేర్చుకుంటున్నాను, పైపుకు చిల్లులు పడుతున్నాయి

కావలి_బీరపందిరి:
దొడ్డిలో బీరపాదుకు ఇనుప పందిరి నా చేతులతోనే వేయాలని చిన్న ఇన్వర్టర్ ఆర్క్ వెల్డింగ్ మిషన్ కొన్నాను. స్క్వేర్ పైపు మందం 1.2 మిల్లీమీటర్లు, కరిగించి అతికే వెల్డింగ్ రాడ్డు మందం 3.15. ఒకసారి రాడ్డు అతుక్కుపోతుంది, మరోసారి రూపాయి బిళ్ళంత చిల్లు పడుతుంది. తప్పు ఎక్కడ?

ఒంగోలు_షెడ్డు:
ముందు ఆ పైపు పక్కన పెట్టండి. అంత పల్చటి ఇనుము మీద మొదట్లో ఎవరికీ చేయి కుదరదు. పాత ఇనుము కొట్లో 5, 6 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు తెచ్చుకుని, 2.5 మిల్లీమీటర్ల 6013 రకం రాడ్డుతో, 70–80 యాంపియర్ల దగ్గర ఊరికే గీతలు వేయండి. రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య రాడ్డు మందమంత ఎడమే ఉండాలి. నేను నెల రోజులు మెరుపునే చూస్తూ ఉండిపోయాను. చూడవలసింది దాని వెనక కరిగి నిలిచే చిన్న మడుగును. ఆ మడుగు వెడల్పు మారకుండా చేయి నడిచిన రోజున చప్పుడే వేరుగా వినిపించింది, మూకుడులో వడియాలు వేగుతున్నట్టు. ఆ తర్వాత పైపుకు రండి. 2 మిల్లీమీటర్ల రాడ్డు, 40–50 యాంపియర్లు. ఏకబిగిన లాగవద్దు. ఒక చుక్క పెట్టి, ఎరుపు తగ్గాక దాని పక్కన మరొకటి.

చీమకుర్తి:
సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడుపుతున్నారా? తాకి చూడండి. వేడెక్కితే మానేయండి. 16 యాంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి.

ముత్తుకూరు_చెరువు:
రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్ల స్టాండ్లు ఉప్పునీటికి తుప్పుపట్టి విరుగుతుంటే ఈ పని నేర్చుకున్నాను. మన తీరంలో రాడ్లు చెమ్మ పట్టేస్తాయి, బిగుతు మూత డబ్బాలో దాచండి. అంతకంటే ముఖ్యం చెమట. పోయిన మే నెలలో తడిసిన గ్లౌజుతోనే రాడ్డు మార్చబోతే మోచేతి దాకా షాక్ కొట్టింది. అప్పటినుంచి రెండో జత ఆరబెట్టి ఉంచుకుంటున్నాను.

కావలి_బీరపందిరి:
నిన్న పట్టీ మీద గీతలు వేశాను. అతుక్కోవడం తగ్గింది. కానీ చిన్న చుక్కే కదా అని ముసుగు దించకుండా కళ్ళు మూసుకుని నాలుగైదు పెట్టాను. అర్ధరాత్రి నుంచి కళ్ళలో ఇసుక పోసినట్టుంది. అమ్మ బంగాళాదుంప ముక్కలు పెట్టమంటోంది.

ఒంగోలు_షెడ్డు:
వద్దు, కళ్ళు నలపవద్దు. ఈ ఉదయమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెప్పలు ఆ మెరుపులోని అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపలేవు, మంట గంటల తర్వాతే తెలుస్తుంది. ముసుగులో 10వ నంబరు నల్ల అద్దం లేకుండా ఒక్క చుక్క కూడా పెట్టకండి. పిల్లలు వాకిట్లో నిలబడి చూస్తుంటే పని ఆపేయండి. మీ పైపు జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుము, కాదు కదా? ఒకవేళ జీఐ అయితే అతుకు దగ్గర ఆ పూత గ్రైండర్‌తో తీసేసి, ఆరుబయటే వేయండి. జింకు కాలితే వచ్చే తెల్లటి పొగ పీల్చి ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికాను.

కావలి_బీరపందిరి:
జీఐ పైపే అన్నా. డాక్టరు దగ్గరికి బయలుదేరుతున్నాను.