అప్‌డేట్: రెండో తరగతి పాప తీసివేతల్లో తప్పులు – కారణం తెలిసింది

కూడికలు చక్కగా చేసే మా పాప, ఈ టర్ములో రెండంకెల తీసివేతలు మొదలైనప్పటి నుంచి తప్పులు చేస్తోందని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నోటుపుస్తకం క్లాస్ టీచరుకు చూపించమన్న సలహా పనిచేసింది. ఆవిడ తప్పులు దిద్దకుండా, "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని పాపనే అడిగారు. 52లోంచి 27 తీసేస్తే పాపకు 35 వస్తోంది. 2లోంచి 7 పోదు కాబట్టి, తిరగేసి 7లోంచి 2 తీసేస్తోంది! 58లోంచి 27 లాంటివి సరిగ్గా రావడంతో ఈ సంగతి ఇన్నాళ్లూ బయటపడలేదు. పరధ్యానం అనుకున్నది నిజానికి ఒక పద్ధతి. పిల్లల్లో ఇది చాలా మామూలేనట.

పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించారు. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. అప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. తన చేత్తో కట్ట విప్పాక "అప్పు తీసుకోవడం" పాపకు అర్థమైంది. ఆ తర్వాతే పుల్లల పక్కన అంకెలు రాయించారు. ఉదయం తరగతి మొదట్లో కాసేపు, ఇంట్లో ఒకటి రెండు లెక్కలు, అంతే.

ఇక్కడ కొందరు సలహా ఇచ్చిన ఎక్కాలు వల్లె వేయించడానికీ, కంటి పరీక్షకూ దీనితో సంబంధం లేదు. అదనపు వర్క్‌షీట్లయితే ఆ తప్పు పద్ధతినే గట్టిపరుస్తాయని టీచరు వద్దన్నారు. 50లోంచి 27 లాంటి, సున్నా ఉన్న లెక్కల దగ్గర పాప ఇంకా ఆగుతోంది. వాటికీ కట్టలే వాడుతున్నాం.