విండ్‌స్క్రీన్ పెట్టించాక హెల్మెట్ ఊగిపోతోంది, ఇంకా ఎత్తుది కొనాలా?

హైవే350:

అందరికీ నమస్కారం. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి, 2022లో కొన్నాను. నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లొస్తాను, ఒక వైపు 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 80, 90 మీద వెళ్తే గాలి ఛాతీ మీద కొట్టీ కొట్టీ పెబ్బేరు దాటేసరికే మెడ, భుజాలు పట్టేసేవి. అందుకని పోయిన నెల ఒక యూనివర్సల్ విండ్‌స్క్రీన్ కొని ఆ షాపులోనే పెట్టించుకున్నాను. హ్యాండిల్‌కి రెండు క్లాంపులు, వాటి నుంచి నాలుగు రాడ్లు, నాలుగు బోల్టులు, అంతే.

ఇప్పుడు ఛాతీకి గాలి తగలడం లేదు, అది నిజం. కానీ 70 దాటితే హెల్మెట్ అటూ ఇటూ ఊగుతోంది, చూపు అదిరిపోయి మీటర్‌లో అంకెలు కూడా సరిగ్గా కనిపించడం లేదు. చెవుల్లో తడి దుప్పటి దులుపుతున్నట్టు టపటపమని ఒకటే చప్పుడు. స్క్రీన్ లేనప్పుడు ఇంత లేదు. షాపతన్ని అడిగితే ఇంకో 10 సెంటీమీటర్లు ఎత్తుది వేసుకోండి, సరిపోతుంది అంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ఇప్పుడు స్క్రీన్ పై అంచు నా గడ్డం దగ్గరకు వస్తోంది, కింది అంచు హెడ్‌లైట్‌ను దాదాపు ఆనుకుని ఉంది.

ఇంకో టెన్షన్ ఏంటంటే ఎడమ వైపు కింది బోల్టు దగ్గర వెంట్రుకంత సన్నని గీత కనిపిస్తోంది. అది గీతా, పగులా తెలియడం లేదు. డబ్బు మళ్లీ పెట్టే ముందు ఇక్కడ అడుగుదామనిపించింది.

నల్గొండ రైడర్:

అన్నా, ఇప్పుడే ఏమీ కొనొద్దు. ముందు గాలి ఎక్కడ కొడుతోందో తేల్చుకోండి.

కాలువలో పెద్ద రాయి ఉంటే దాని వెనక నీళ్లు ఎలా సుడులు తిరుగుతాయో చూసే ఉంటారు కదా, స్క్రీన్ వెనక కూడా గాలి అదే చేస్తుంది. స్క్రీన్‌కి, మీకు మధ్య పీడనం తగ్గిపోతుంది, పై అంచు మీదుగా వచ్చే గాలి ఆ ఖాళీలోకి సుడులు తిరుగుతూ దూకుతుంది, సరిగ్గా ఆ దూకే చోట మీ హెల్మెట్ ఉంది. స్క్రీన్ లేనప్పుడు తలకు తగిలేది బలమైన గాలే అయినా ఒకే తీరుగా తగులుతుంది, అందుకే చప్పుడు ఉన్నా అదురు ఉండదు.

ఒక పరీక్ష చేయండి. పొద్దున్నే ట్రాఫిక్ లేని రోడ్డు మీద 70 దగ్గర వేగం నిలిపి, ఫుట్‌పెగ్‌ల మీద కాస్త బరువు వేసి సీటు నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేవండి. అదురు తగ్గితే మీకు స్క్రీన్ ఇంకా కిందికి ఉండాలన్న మాట. తర్వాత మామూలుగా కూర్చుని తల ముందుకు, కిందికి వంచండి. అప్పుడు తగ్గితే స్క్రీన్ పైకి రావాలి. రెంటికీ తగ్గకపోతే ఎత్తుతో పని లేదు, వాలు, కింది ఖాళీ మార్చాలి. ఇంకా స్పష్టంగా చూడాలంటే ఊలు దారం ముక్కలు జానెడంత కత్తిరించి స్క్రీన్ పై అంచుకు లోపలి వైపు మూడు నాలుగు చోట్ల టేపుతో అంటించండి, మీ పక్కన ఇంకో బండి మీద వెనక కూర్చున్న వాళ్లు ఫోన్‌తో వీడియో తీస్తే అవి ఎటు ఎగురుతున్నాయో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మీరు రాసినదాంట్లో నాకు అసలు కారణం అనిపిస్తోంది ఆ కింది అంచే. హెడ్‌లైట్‌ను ఆనించి పెడితే కింద నుంచి గాలి రాదు, వెనక తగ్గిన పీడనం సర్దుకోదు. రాడ్ల బోల్టులు వదులు చేసి స్క్రీన్ మొత్తాన్ని పైకి జరిపి కింద మూడు, నాలుగు సెంటీమీటర్లు సందు వదలండి. ఆ సందులోంచి వచ్చే గాలి ఛాతీకి కొంచెం తగులుతుంది, తగలనివ్వండి, తల స్థిమితంగా ఉండటం ముఖ్యం.

మైలురాయి:

నేనైతే ఎత్తుదే వేయించుకున్నాను, హాయిగా ఉంది. వర్షంలో కూడా మొహం తడవదు. ఊరికే కష్టపడకుండా మార్చేయండి.

నల్గొండ రైడర్:

మైలురాయి గారూ, మీ ఎత్తు ఎంతో, మీ చూపు స్క్రీన్ పైనుంచి వెళ్తోందా లోపలి నుంచి వెళ్తోందా? ఇది అడగడానికి కారణం ఉంది. స్క్రీన్ లోపలి నుంచి రోడ్డు చూడాల్సి వస్తే వర్షంలో దాన్ని తుడవడానికి వైపర్ ఉండదు, రాత్రిపూట ఎదురు లారీ లైట్లు వాడకంలో స్క్రీన్ మీద పడ్డ సన్న గీతలకు తగిలి మొత్తం తెల్లగా పొగలా అయిపోతుంది. మామూలుగా కూర్చుని ముందు పది, పదిహేను మీటర్ల దూరంలో రోడ్డును చూస్తే ఆ చూపు స్క్రీన్ పైనుంచి వెళ్లాలి. చాలామందికి పై అంచు ముక్కు కొన దగ్గరో, దానికి కొంచెం కిందో ఉంటే కుదురుతుంది.

మైలురాయి:

నాది 5 అడుగుల 5. లోపలి నుంచే చూస్తాను. రాత్రి ఇబ్బంది ఉన్న మాట నిజమే, కానీ నేను చీకటి పడ్డాక పెద్దగా నడపను. అయితే హైవే350 గారికి నా మాట సరిపోకపోవచ్చు.

పాతబండి:

ఆ సన్న గీత గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే భయంగా ఉంది. తమ్ముడూ, గోరుతో గీకి చూడు. గోరుకు తగలకుండా లోపల మెరుస్తూ కనిపిస్తే అది పైగీత కాదు, పగులు మొదలైనట్టు. బోల్టు రంధ్రం అంచు నుంచే బయలుదేరితే దాదాపు ఖాయం.

ఇరవై ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, స్క్రీన్లు గాలికి పగిలేది తక్కువ, బిగింపుకు పగిలేవే ఎక్కువ. ఇంజిన్ బోల్టు బిగించిన చేత్తోనే ప్లాస్టిక్ బోల్టు కూడా బిగిస్తారు. అది తప్పు. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది, ఉక్కు అంత సాగదు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినదైతే 40 సెంటీమీటర్ల వెడల్పు స్క్రీన్ తెల్లవారుజామున 20 డిగ్రీల్లో ఉండి, మిట్టమధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలకు ఎక్కితే ఒక మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. ఆ మిల్లీమీటరుకు చోటు ఉండాలి. అందుకే 5 మిల్లీమీటర్ల బోల్టుకు రంధ్రం 6 కంటే పెద్దదిగా ఉండాలి, మధ్యలో రబ్బర్ బుష్, అంటే బోల్టు చుట్టూ తొడిగే రబ్బరు గొట్టం ఉండాలి, రెండు వైపులా వెడల్పు వాషర్, ఆ వాషర్‌కి, స్క్రీన్‌కి మధ్య మళ్లీ రబ్బర్. ఇనుము ఎక్కడా నేరుగా ప్లాస్టిక్‌ను తాకకూడదు.

బిగించేటప్పుడు ఎల్ ఆకారంలో ఉండే అలన్ కీని పొడుగు వైపు పట్టుకోకు, పొట్టి వైపు రెండు వేళ్లతో పట్టుకుని తిప్పు. రబ్బర్ కొంచెం ఉబ్బడం మొదలవగానే ఆపెయ్. నాలుగు బోల్టులూ ముందు వదులుగా ఎక్కించి స్క్రీన్‌ను తన ఇష్టం వచ్చినట్టు కూర్చోనిచ్చి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలను చేత్తో లాగి కలిపితే ఆ వంపు బలమంతా రంధ్రం మీదే ఉండిపోతుంది. నీకు అదే జరిగినట్టుంది.

ఊడకుండా ఉంటుందని కొందరు ఆ బోల్టుల మరలకు థ్రెడ్‌లాకర్ అనే జిగురు పూస్తారు. స్క్రీన్ దగ్గర మాత్రం దాన్ని అసలు వాడొద్దు. అది పాలీకార్బొనేట్‌కి, అక్రిలిక్ ప్లాస్టిక్‌కి తగిలితే ఆ చోట సన్నని పగుళ్లు లేస్తాయి. నైలాన్ ఉన్న లాక్ నట్టు చాలు.

ఇప్పుడున్న పగులు పెరగకుండా ఆపాలంటే స్క్రీన్ విప్పి చెక్క మీద పరిచి, పగులు ఎక్కడ ఆగిందో వెలుతురుకు పెట్టి చూసి, సరిగ్గా ఆ కొనలో 3 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా రంధ్రం వెయ్యి. రెండు వైపులా టేపు అంటించి వెయ్యాలి. కొన గుండ్రంగా అయితే పగులు ముందుకు పాకదు. పగులు రెండు అంగుళాలు దాటితే మాత్రం ఇదేమీ వద్దు, ఆ స్క్రీన్ పక్కన పెట్టెయ్, 90లో అది విరిగి మీదికొస్తే ప్రమాదం.

తూర్పుగాలి:

ఒంగోలు నుంచి రాస్తున్నాను. మా వైపు సముద్రపు గాలి హైవేకి అడ్డంగా కొడుతుంది, అందుకే ఒక్క విషయం కలపాలి. హ్యాండిల్‌కి బిగించే స్క్రీన్ మీద పడే గాలి బలమంతా నేరుగా స్టీరింగ్ మీదికే వెళ్తుంది. ఎంత ఎత్తు స్క్రీన్ అయితే అంత. పక్క గాలికో, లారీ ఓవర్‌టేక్ చేసినప్పుడో హ్యాండిల్ తనంతట తాను కదిలినట్టు అనిపిస్తే వేగం మెల్లగా తగ్గించండి, గట్టిగా పట్టుకుని బిగుసుకుపోవద్దు, బిగుసుకుంటే ఊపు పెరుగుతుంది. ఇంటికెళ్లాక కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, వదులుందేమో, టైర్లలో గాలి ఎంత ఉందో చూపించండి. వెనక బరువైన బాక్స్ కూడా ఉంటే ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

స్క్రీన్ పైకి జరిపాక బండి స్టాండ్ మీదే ఉంచి హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ హోస్ రాడ్లకు రాసుకుంటున్నాయా, స్క్రీన్ అంచు ట్యాంకుకు తగులుతోందా అని. మా తమ్ముడి బండికి కేబుల్ రాడ్ మధ్య ఇరుక్కుని, పార్కింగ్‌లో యూటర్న్ కొడుతుంటే క్లచ్ దానంతట అది లాగేసింది. మెల్లగా ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

హైవే350:

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం మొత్తం దీని మీదే ఉన్నాను.

పాతబండి అన్న చెప్పినట్టు విప్పి చూస్తే ఆ ఎడమ బోల్టుకు రబ్బరే లేదు, ఇనుప వాషర్ నేరుగా ప్లాస్టిక్ మీద ఉంది. పగులు ఒకటిన్నర సెంటీమీటరు. చెక్క మీద పెట్టి 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను, నాలుగు చోట్లా కొత్త రబ్బర్ బుష్‌లు పెట్టాను.

తర్వాత పరీక్ష. లేచి నిలబడితే పెద్ద తేడా లేదు, వంగితే కొంచెం తగ్గింది. స్క్రీన్‌ను పైకి జరిపి కింద 4 సెంటీమీటర్లు వదిలాక షాద్‌నగర్ దాకా వెళ్లొచ్చాను. ఆ టపటప చప్పుడు సగానికి సగం పోయింది. అప్పుడు వాలు మార్చాను. ఇంతకు ముందు బాగా వెనక్కి వాలి ఉండేది, కొంచెం నిటారుగా చేశాను, ఒక వేలి మందం అంతే. 80లో ఇప్పుడు మీటర్ అంకెలు చదవగలుగుతున్నాను! గాలి చప్పుడు ఉంది, కానీ ఒకే తీరుగా ఉంది, తల ఊగడం లేదు. పై అంచు ముక్కు కింద ఉంది. ఎత్తు స్క్రీన్ కొనడం మానుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మా ఆవిడ వెనక కూర్చుంటే తనకు మునుపటికంటే గాలి ఎక్కువ కొడుతోందంటోంది. దానికేమైనా ఉందా?

నల్గొండ రైడర్:

చాలా సంతోషం అన్నా. వెనక కూర్చున్న వాళ్ల సంగతి నిజమే, మీ తల మీదుగా దాటిన గాలి వాళ్ల తల దగ్గర దిగుతుంది, పైగా క్లాసిక్‌లో వెనక సీటు కొంచెం ఎత్తు. వదిన గారిని మీకు ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చోమనండి, మీ ఇద్దరి హెల్మెట్ల మధ్య ఖాళీ తగ్గితే సుడి తగ్గుతుంది. తనకు కూడా ఫుల్ ఫేస్ హెల్మెట్, ఇద్దరికీ నురగ ఇయర్‌ప్లగ్‌లు. 100 దగ్గర హెల్మెట్ లోపల గాలి చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది, స్క్రీన్ ఎంత బాగా కుదిరినా నాలుగు గంటల ప్రయాణానికి చెవులు కాపాడుకోవాల్సిందే. హారన్లు వినపడతాయి, భయం లేదు.

పాతబండి:

రంధ్రం వేసిన చోట మొదటి నెల వారానికోసారి చూసుకో తమ్ముడూ. ఇంకోటి, రాత్రి ప్రయాణంలో పురుగులు అంటుకుంటే పెట్రోల్ గుడ్డతో తుడవొద్దు, అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే కూడా వద్దు, రెండూ ప్లాస్టిక్‌ను మసకబరిచి పెళుసు చేస్తాయి. తడిగుడ్డ పది నిమిషాలు దాని మీద కప్పి ఉంచు, నానాక సబ్బు నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తుడువు. బంకులో పెట్రోల్ పోసే పిల్లాడు ప్రేమగా తుడవబోయినా వద్దని చెప్పు.

హైవే350:

అలాగే అన్నా. వచ్చే శనివారం ఇద్దరం కర్నూలు వెళ్తున్నాం, బీచుపల్లి వంతెన మీద పక్క గాలిలో ఎలా ఉందో వచ్చాక రాస్తాను.