నైతిక సున్నితత్వం: అనుభవం పెరిగేకొద్దీ మొద్దుబారుతుందా?

మూడో సంవత్సరం నర్సింగ్ విద్యార్థిని: స్పృహలో లేని ఒక వృద్ధుడికి స్పంజ్ బాత్ ఇస్తున్నప్పుడు మంచం చుట్టూ తెర సగం వరకే లాగి ఉంది. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది గానీ, సీనియర్లు గమనించినట్టే లేరు. కొన్నేళ్లకు నేనూ అలాగే తయారవుతానా?

ఐసీయూ నర్సు: వారు గమనించలేదని అంత తేలికగా అనుకోకండి. చేయవలసింది ఏమిటో తెలిసీ, సిబ్బంది కొరతో పైవారి ఆదేశమో అడ్డుపడి చేయలేకపోయినప్పుడు కలిగే వేదనను అమెరికన్ తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే నైతిక వేదనగా గుర్తించారు. అది పదేపదే ఎదురైతే మనిషి చూస్తూనే మాట్లాడటం మానేస్తాడు. బయటివారికి అది మొద్దుబారడంగానే కనిపిస్తుంది.

నర్సింగ్ అధ్యాపకురాలు: అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ రెస్ట్ నైతిక ప్రవర్తనను నాలుగు అంశాలుగా విడదీసి, సమస్యను పసిగట్టే సున్నితత్వాన్ని నిర్ణయం కంటే ముందు పెట్టారు; సమస్య ఉందని గుర్తించకపోతే తర్కించడానికే తావుండదు కదా. స్వీడన్ నర్సింగ్ పరిశోధకురాలు కిమ్ లుట్జెన్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలనలో ఈ సున్నితత్వంలో నైతిక బలం, బాధ్యతలతో పాటు నైతిక భారమూ (రోగి అవసరం తెలిసీ తీర్చలేకపోతున్నామన్న బరువు) కనిపించింది. మేము పరీక్షల్లో నియమావళిని అడుగుతాం గానీ, ఈ భారాన్ని మోయడం మాత్రం నేర్పం.

జెరియాట్రిక్ (వృద్ధుల) వార్డు నర్సు: మేడమ్ గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. క్యాన్యులా (మందులు ఎక్కించేందుకు నరంలో పెట్టే సన్నని గొట్టం) పీకేసుకుంటున్న వృద్ధుల చేతులు కట్టినప్పుడు, కట్టు కింద రెండు వేళ్లు దూరేంత వదులుందో లేదో చూడమని నాకు నేర్పారు. అసలు కట్టాలా అని అడగడం ఎవరూ నేర్పలేదు. గొట్టాన్ని కంటికి కనబడకుండా బ్యాండేజీతో కప్పడం, నొప్పో మూత్రం ఆగిపోవడమో కారణమేమో చూడటం, అసలు ఆ క్యాన్యులా ఇంకా అవసరమా అని డాక్టరును అడగడం వంటివి ముందుగా చేస్తే, చాలాసార్లు కట్టవలసిన అవసరమే రాదు.

మూడో సంవత్సరం విద్యార్థిని: అడగాలనే ఉంటుంది, కానీ మాకు మార్కులు వేసేది ఆ సీనియర్లే.

నర్సింగ్ అధ్యాపకురాలు: ఆ భయం న్యాయమైనదే. తెర విషయంలో అనుమతి అక్కర్లేదు, మీరే లాగేయండి. కట్టు వంటి వాటిని మాత్రం తప్పు పట్టినట్టు కాకుండా, "సిస్టర్, దీన్ని మళ్లీ ఎప్పుడు విప్పి చూడాలి, ఛార్టులో కారణం ఏమని రాయాలి?" అని అడగండి. కారణం రాయవలసి వచ్చినప్పుడు ఎవరైనా ఒకసారి ఆగి ఆలోచిస్తారు.