లాంగ్-ఈజీ కెనోపీకి సేఫ్టీ క్యాచ్ ఉంచాలా, తీసేయాలా?

గ్యారేజీ బిల్డర్ (టెక్సాస్):
అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇంట్లోనే లాంగ్-ఈజీ అనే రెండు సీట్ల చిన్న విమానం కడుతున్నాను. ఇప్పుడు కెనోపీ, అంటే సీట్ల మీది పారదర్శక అక్రిలిక్ మూత దగ్గరికొచ్చాను. కుడివైపు మడతబందులు, ఎడమవైపు మూడు కొక్కేలు. ఆ మూడింటినీ ఒక కడ్డీ కలుపుతుంది, ముందు సీటులో ఒకటే పిడి. ఇది కాక, దీన్ని డిజైన్ చేసిన బర్ట్ రూటన్ ప్లాన్స్‌లో విడిగా ఒక సేఫ్టీ క్యాచ్ ఉంది. అసలు గడియ ఊడినా కెనోపీ కొద్దిగానే లేచి ఆగుతుంది. మా హ్యాంగర్‌లో ఒక పెద్దాయన "అది తీసేయ్, మంటలంటుకుంటే రెండు గడియలు వెతుక్కుంటూ కూర్చుంటావా" అంటున్నారు. రెండు రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

పాత ఎయిర్‌ఫ్రేమ్ (హైదరాబాద్):
బాబూ, తీయొద్దు. లెక్క చూడు. 120 నాట్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు అడుగుకి దాదాపు 49 పౌండ్లు. కెనోపీ వంపు మీద అందులో సగం పైకి పీల్చినా, పది చదరపు అడుగులకి 240 పౌండ్లు దాటుతుంది. పక్కకి తెరుచుకునే కెనోపీ ఒక్కసారి లేచిందంటే గాలి దాన్ని పూర్తిగా తిప్పేస్తుంది. నీ విమానంలో ప్రొపెల్లర్ వెనక ఉంది. ఊడిన ముక్క ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు.

ఆర్‌వీ పైలట్ (మెల్‌బోర్న్):
పెద్దవారి మాట కాదనను కానీ, నా అనుభవం వేరండి. నాది ఆర్‌వీ-7 అనే చిన్న విమానం, కెనోపీ ముందువైపు మడత. ఒకసారి ఎండకి తెరిచిపెట్టి నేల మీద నడుపుతూ, రేడియోలో మాట్లాడుతూ గడియ సరిగా వేయలేదు. నేల వదలగానే వెనక అంచు రెండు మూడు అంగుళాలు లేచింది. చెవులు పగిలే హోరు, ముక్కు కిందికి వాలింది, కంట్రోల్ స్టిక్ వెనక్కి పట్టుకుని రన్‌వే చుట్టూ ఒక సర్క్యూట్ తిరిగి దిగాను. తప్పు నాదే. క్యాచ్ ఉన్నా నా మతిమరుపు పోదు కదా! నా భయమల్లా దిగాక జరిగేదాని గురించే. పొగలో ఒక్క పిడి అయితే చేయి దానంతటదే వెళ్తుంది.

పాత ఎయిర్‌ఫ్రేమ్:
తమ్ముడూ, ముందు మడత ఉంది కాబట్టే నీది గాలికి అణిగి ఉంది. అతనిది పక్క మడత. రెండింటికీ ఒకే న్యాయం చెప్పకూడదు. ఇంకో మాట, విమానం తిరగబడితే కెనోపీ నేలకి అదిమి ఉంటుంది. ఒక గడియైనా రెండైనా తెరుచుకోదు. అందుకు చేతికందే చోట అక్రిలిక్ పగలగొట్టే సుత్తి కట్టుకోవాలి.

గ్యారేజీ బిల్డర్:
నిన్న ఒక పరీక్ష చేశాను. ఒక్కో కొక్కెం దగ్గర కెనోపీ అంచు కింద కాగితం ముక్క పెట్టి, గడియ వేసి లాగి చూశాను. పొద్దున మూడూ గట్టిగా పట్టాయి. మధ్యాహ్నం షెడ్డు వేడెక్కాక వెనకది సులువుగా జారి వచ్చేసింది. కానీ పిడి మాత్రం పొద్దుట లాగే టక్కుమని పడింది! పిడి పడితే గడియ పడినట్టే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. వెనక కొక్కెం సంగతి పిడికి తెలియదు.

ఆర్‌వీ పైలట్:
ఈ కాగితం పరీక్షతో నా అభిప్రాయం కొంత మారింది. అయితే గడియ పడకుండా థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే పిడి) తోస్తే మోగే బజర్ కూడా పెట్టండి. దాని స్విచ్ గడియ పిడి దగ్గర పెట్టొద్దు, వెనక కొక్కెం దగ్గరే పెట్టండి. క్యాచ్ కూడా అదే ఎడమచేయి చాపితే తగిలేలా ఉండాలి. దీని మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

పాత ఎయిర్‌ఫ్రేమ్:
అది సరైన మాట. కడ్డీ సర్దాక లాక్‌నట్ బిగించి, స్ప్లిట్ పిన్ వేసి, ఇంకొకరి చేత చూపించు. నువ్వు చేసిన పనిలో లోపం నీ కంటికి కనిపించదు.

గ్యారేజీ బిల్డర్:
క్యాచ్ ఉంచుతున్నాను. పిడికి జానెడు దూరంలోకి జరిపాను. కళ్లు మూసుకుని, బెల్టు విప్పుకుని, రెండూ తీసి బయటికి రావడం ఇరవైసార్లు చేశాను. మొదట్లో చేయి తడబడింది, తర్వాత కుదిరింది. వెనక సీటులో మా ఆవిడ కూర్చుంటుంది, రేపు ఆమె చేత కూడా చేయిస్తాను. వెనక కొక్కేనికి సందు పూడ్చే పల్చటి బిళ్ల (షిమ్) వేసి, మధ్యాహ్నం ఎండలో మళ్లీ కాగితం పెట్టి చూసి ఇక్కడే రాస్తాను.