డైనోకాకస్ రేడియేషన్‌ను తట్టుకునేది డీఎన్‌ఏ మరమ్మతు వల్లా, మాంగనీస్ వల్లా?

ఒంగోలు_మైక్రో

డిగ్రీ పిల్లలకు ఈ పాఠం వచ్చినప్పుడు అందరం ఒకటే మాట చెప్పేస్తున్నాం: "డైనోకాకస్ రేడియోడ్యూరన్స్‌కు డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి ఎక్కువ, అందుకే చావదు." ఇలా చెప్పడం మానేయాలని నా వాదన.

1956లో అమెరికాలోని ఆరెగన్‌లో గామా కిరణాలతో శుద్ధి చేసిన మాంసం డబ్బా పాడైతే, అందులో బయటపడిన బ్యాక్టీరియా ఇది. మనిషికి 5 గ్రే (ఒంట్లోకి దిగిన రేడియేషన్‌ను కొలిచే యూనిట్) డోసు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది 5,000 గ్రే పడ్డా దాదాపు ఏమీ కానట్టే పెరుగుతుంది. అలాగని దాని డీఎన్‌ఏ తెగకుండా ఏమీ ఉండదు. అదే డోసుకు మామూలు పేగు బ్యాక్టీరియా ఈకోలైలో ఎంత తెగుతుందో ఇందులోనూ ఇంచుమించు అంతే తెగుతుంది. పోనీ మరమ్మతు ఎంజైములు గొప్పవా అంటే, 1994లో పోల్-ఏ జీన్ (ఒక మరమ్మతు ఎంజైముకు సంబంధించింది) చెడిన డైనోకాకస్‌లోకి ఈకోలై పోల్-ఏ జీన్ ఎక్కించారు. పోయిన శక్తి తిరిగొచ్చింది. అంటే ఆ పనికి ఈకోలై ఎంజైమే సరిపోయింది!

మరి తేడా ఎక్కడుంది? 2004లో మైకేల్ డేలీ బృందం కణాల్లో మాంగనీస్, ఇనుము ఎంతెంత ఉన్నాయో కొలిచింది. మాంగనీస్-ఇనుము నిష్పత్తి డైనోకాకస్‌లో 0.24, ఈకోలైలో 0.0072. రేడియేషన్ కణంలోని నీటిని విడగొట్టినప్పుడు పుట్టే సూపర్ ఆక్సైడ్, పెరాక్సైడ్‌లు ప్రోటీన్లను పాడుచేస్తాయి. ఇనుము ఉంటే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. మాంగనీస్ మాత్రం ఫాస్ఫేట్‌తో, చిన్న పెప్టైడ్‌లతో కలిసి వాటిని అడ్డుకుంటుంది. మాంగనీస్ అందకుండా పెంచితే డైనోకాకస్ తట్టుకునే శక్తి పడిపోయింది. అది కాపాడుకునేది డీఎన్‌ఏను కాదు, డీఎన్‌ఏను బాగుచేసే ప్రోటీన్లను.

నెల్లూరు_జీనోమ్

సార్, సగమే ఒప్పుకుంటాను. ఎంజైములు మామూలువే కావచ్చు, అవి చేసే పని మామూలుది కాదు. 2006లో రాడ్మన్ బృందం ప్రచురించిన పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ (డీఎన్‌ఏ ముక్కలను సైజు వారీగా విడదీసే పద్ధతి) ఫొటో పిల్లలకు ఒకసారి చూపించండి. రేడియేషన్ పడని వరసలో బ్యాండ్లు గీత గీసినట్టు ఉంటాయి. దాదాపు 7,000 గ్రే పడిన వెంటనే తీసిన వరసలో ఒక్క బ్యాండూ ఉండదు, అంతా కిందికి జారిన మసక. గంటన్నర దాకా పెద్ద మార్పు కనపడదు. మూడో గంటకల్లా బ్యాండ్లు ఎక్కడివక్కడ తిరిగొచ్చేశాయి. 33 లక్షల బేస్ జతల జీనోమ్ 20, 30 వేల జతల ముక్కలైపోయి, వరస తప్పకుండా మళ్లీ కలిసింది. నేను చూసిన జెల్ ఫొటోల్లో ఇంత ఆశ్చర్యపరిచింది ఇంకోటి లేదు.

ఒక్కో కణంలో జీనోమ్ కాపీలు 4 నుంచి 10 దాకా ఉంటాయి. ఒకే దస్తావేజుకు నాలుగు జిరాక్సులు తీసి చింపితే అన్నీ ఒకే చోట చిరగవు. ఒకదానిలో చిరిగిన చోట ఏముందో ఇంకోదాన్ని చూసి రాసుకోవచ్చు. ఇక్కడ జరిగేదీ అదే. ముక్కల చివర్లను ఎంజైములు కొరికి ఒంటి పోగును బయటికి తీస్తాయి. ఆ పోగు మరో కాపీ ముక్కను అచ్చుగా పెట్టుకుని బాగా పొడవు పెరుగుతుంది. అలా పెరిగిన పోగులు జత కుదిరిన చోట అతుక్కుంటాయి. చివర్లో రెక్-ఏ ప్రోటీన్ పెద్ద ముక్కలను పూర్తి క్రోమోజోములుగా కలుపుతుంది. రెక్-ఏ జీన్ తీసేస్తే మాంగనీస్ ఎంతున్నా లాభం లేదు.

ఇంకోటి, దీనికి మీరు జవాబు చెప్పాలి. మామూలు ఈకోలైకి రేడియేషన్ ఇవ్వడం, బతికినవాటిని పెంచి మళ్లీ ఇవ్వడం, ఇలా 20 సార్లు చేస్తే బాగా తట్టుకునే రకాలు వచ్చాయి (2009, కాక్స్, బటిస్టా బృందాలు). వాటిలో ఒక రకాన్ని వెతికితే ముఖ్యమైన మార్పులు రెక్-ఏ లాంటి మరమ్మతు, రెప్లికేషన్ (డీఎన్‌ఏ కాపీ తీసే) జీన్లలోనే కనపడ్డాయి.

ఒంగోలు_మైక్రో

మంచి ప్రశ్న మేడం. ఈకోలై ఆ దారిలో వెళ్లగలదని దాంతో తేలింది. డైనోకాకస్ కూడా అదే దారిలో వచ్చిందని తేలలేదు. రెక్-ఏ లేకపోతే చస్తుంది, నిజమే. అయితే రెక్-ఏ కూడా ప్రోటీనే కదా, అది పాడవకుండా ఉంటేనే ఆ మూడో గంట పని నడిచేది.

ఉలవపాడు_తోట

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మేము మామిడి రైతులం. అమెరికాకు పంపే కాయకు కనీసం 400 గ్రే ఇవ్వాలంటారు, దాంతోనే పురుగు సంతతి ఆగిపోతుందట. భూమ్మీద ఎక్కడా 5,000 గ్రే లేనప్పుడు ఈ జీవికి అంత శక్తి ఎందుకొచ్చింది?

ఒంగోలు_మైక్రో

అన్నా, అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. నీళ్లు లేక ఎండిపోవడం వల్ల వచ్చిందని నేను నమ్ముతాను. పూర్తిగా ఆరిపోయినా డీఎన్‌ఏ తెగుతుంది, ప్రోటీన్లు పాడవుతాయి. 1996లో రేడియేషన్‌కు తట్టుకోలేని 41 డైనోకాకస్ రకాలను ఆరు వారాలు ఆరబెట్టి చూశారు. అవన్నీ ఆరిపోవడాన్ని కూడా తట్టుకోలేకపోయాయి. కరువును తట్టుకునే ఏర్పాటే రేడియేషన్‌కూ పనికొచ్చింది.

అల్లూరు_ఉప్పుమడి

మా ఇస్కపల్లి వైపు ఎండాకాలం ఉప్పు మడుల్లో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అది కూడా ఇదేనా?

నెల్లూరు_జీనోమ్

కాదన్నా. డైనోకాకస్ కాలనీలు ఎర్రగా ఉంటాయి గానీ, ఉప్పు మడుల్లో ఆ రంగు ఎక్కువగా ఉప్పులో బతికే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులది. అవి బ్యాక్టీరియా కూడా కావు, వేరే వర్గం. కానీ మన చర్చకు అవి బాగా పనికొస్తాయి. వాటిలో హాలోబ్యాక్టీరియం రకం ఒకటి వేల గ్రేలు తట్టుకుంటుంది. దాని కణంలో మాంగనీస్ ఎక్కువ, జీనోమ్ కాపీలూ ఎక్కువే. సార్ చెప్పిందీ నేను చెప్పిందీ రెండూ ఒకే కణంలో ఉన్నాయి, విడదీసి చూడాలి.

సార్, ఇందుకు గామా సోర్సు అక్కర్లేదు, ఆరబెట్టడం చాలు. మేలో మడి గట్టు మీది మట్టి తెప్పించి కల్చర్ తీద్దాం. మాంగనీస్ తగ్గించిన మీడియంలో (సూక్ష్మజీవులకు పెట్టే మేతలో) కొంత, మామూలు మీడియంలో కొంత పెంచి, రెండూ ఆరబెట్టి, బతికిన కాలనీలు లెక్కపెట్టించవచ్చు. మాంగనీస్ తక్కువైనా అంతే బతికితే మీ వాదన బలహీనపడుతుంది. మీ ల్యాబ్‌లో డెసికేటర్ (తేమ లేకుండా ఆరబెట్టే పాత్ర) ఉందా?

ఒంగోలు_మైక్రో

రెండున్నాయి మేడం. మట్టి పంపండి. మీడియంలోకి మాంగనీస్ రాకుండా చూడటమే కష్టం. మామూలు యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో కూడా అది వచ్చేస్తుంది. ఏమేం ఎంతెంత వేశామో పూర్తిగా తెలిసిన డిఫైన్డ్ మీడియమే వాడాలి.